సగం పనిలో ఉన్న హాట్ రాడ్‌ను భద్రపరచి విదేశీ ఉద్యోగానికి వెళ్లడం ఎలా?

మిషిగన్‌లోని మా ఇంటి గారేజీలో హాట్ రాడ్‌గా, అంటే పాత కారును మార్చి వేరే కార్ల భాగాలతో కట్టుకునే బండిగా, తయారవుతున్న 1931 ఫోర్డ్ మోడల్ ఏ కూపే (రెండు తలుపుల కారు) సగం పనిలో ఉండగా, మా కంపెనీ నన్ను మొదటిసారి జర్మనీకి పద్దెనిమిది నెలల పని మీద పంపింది. బయలుదేరడానికి ఆరు వారాల గడువు దొరికింది. ఆ ఆరు వారాలూ కారు పనిని వీలైనంత ముందుకు జరపడానికే వాడుకున్నాను. ప్రయాణానికి ముందురోజు రాత్రి కూడా తలుపు రేకు మీద లప్పం రుద్దుతూనే ఉన్నాను. తిరిగి వచ్చి ముసుగు తీసేసరికి బూడిదరంగు ప్రైమర్ నిండా గోధుమరంగు చుక్కలు లేచి ఉన్నాయి, సీటు దూదిలో ఎలుకలు కాపురం పెట్టాయి, విడిభాగాల పెట్టెల్లో సగానికి పైగా ఏది ఎక్కడిదో నాకే గుర్తు రాలేదు. రెండు శీతకాలాల పనిని మళ్లీ మొదటినుంచి చేయవలసి వచ్చింది. రెండోసారి మూడేళ్లకు వెళ్లవలసి వచ్చినప్పుడు, ఉన్న గడువులో ఒక్క రోజు కూడా పనిని ముందుకు తీసుకువెళ్లడానికి ఖర్చు పెట్టకుండా, మొత్తం సమయాన్ని పనిని సక్రమంగా ఆపడానికే కేటాయించాను. ఆ రెండు అనుభవాల మధ్య నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. అమెరికాలో ఉంటూ ఇలాంటి పాత కారును చేతులారా కట్టుకుంటున్న తెలుగువారికి, ఉద్యోగరీత్యా మరో దేశానికి వెళ్లవలసి వస్తే, ఇది ఉపయోగపడుతుందని నా నమ్మకం.

హాట్ రాడ్‌ను ఆపిపెట్టడం మామూలు పాత కారును నిలిపి ఉంచడం కంటే కష్టమైన పని. దక్షిణ కాలిఫోర్నియాలోని మురాక్, ఎల్ మిరాజ్ వంటి ఎండిన సరస్సుల మీద పందేలు వేసుకోవడానికి 1930లలో కుర్రవాళ్లు పాత ఫోర్డుల మడ్‌గార్డులు ఊడదీసి, బరువు తగ్గించి, ఇంజిన్లకు పదును పెట్టుకోవడంతో ఈ విద్య మొదలైంది. ఆ పందేలను ఒక క్రమంలో పెట్టడానికి 1937లో సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్ ఏర్పడింది. ఆనాటి నుంచి ఈనాటి వరకు హాట్ రాడ్ అంటే ఒక కారు చట్రం, మరో కారు ఇంజిన్, ఇంకో దాని ఇరుసు, వాటి మధ్య మనం స్వయంగా కోసి వెల్డింగ్ చేసిన బ్రాకెట్లు. నా కూపేలో ఉన్నది మోడల్ ఏ ఇంజిన్ కాదు, 1949 తర్వాత వచ్చిన 239 ఘనపుటంగుళాల ఫ్లాట్‌హెడ్ వి8, అంటే వాల్వులు బ్లాకులోనే ఉండే, వి ఆకారంలో ఎనిమిది సిలిండర్లున్న పాత ఫోర్డ్ ఇంజిన్. ఫ్యాక్టరీలో తయారైన కారును యథాతథంగా బాగు చేసేవారికి కనీసం మాన్యువల్ ఉంటుంది, విడిభాగాల పట్టిక ఉంటుంది. హాట్ రాడ్‌కు అలాంటివేవీ ఉండవు. ఏ బోల్టు ఎందుకు అక్కడ పడిందో కట్టేవాడి తలలో మాత్రమే ఉంటుంది. అందువల్ల భద్రపరచవలసినది ఇనుమును మాత్రమే కాదు, ఆ జ్ఞాపకాన్ని కూడా. నా అనుభవంలో ఇనుము కంటే ముందు చెడిపోయింది అదే.

ఉంచుకోవాలా, అమ్మాలా, వెంట తీసుకువెళ్లాలా

ముందుగా ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోవాలి. సగం కట్టిన హాట్ రాడ్‌ను అమ్మితే, దానిలో పెట్టిన విడిభాగాల ఖరీదులో సగం కూడా రాని సందర్భాలే ఎక్కువ. వేరొకరి వెల్డింగ్‌ను, వేరొకరి ఆలోచనను కొనడానికి ఎవరైనా వెనుకాడతారు. కాబట్టి వెళ్లేది రెండు మూడేళ్లకే అయి, తిరిగి అదే ఊరికి వస్తామన్న నమ్మకం ఉంటే, ఉంచుకోవడమే మంచిది. అయిదేళ్లు దాటవచ్చునని, లేదా తిరిగి రావడం అనుమానమని తోస్తే, నెలనెలా కట్టవలసిన షెడ్డు అద్దెను, బీమాను ఆ సంవత్సరాలతో గుణించి కాగితం మీద రాసి చూడండి. ఆ అంకె కారు మీద ఇప్పటివరకు పెట్టిన ఖర్చును మించిపోతే, గడువు ఉండగానే నెమ్మదిగా అమ్మడం, ఆఖరి వారంలో వచ్చిన ధరకు వదిలించుకోవడం కంటే ఎంతో మేలు.

వెంట తీసుకువెళ్లడం గురించి ఒక్క మాట. ఆస్ట్రేలియాలో స్ట్రీట్ రాడ్ల (రోడ్డు మీద నడిపే హాట్ రాడ్ల) ఆదరణ గట్టిగానే ఉంది కాని, అక్కడ ఆస్బెస్టాస్ దిగుమతిపై పూర్తి నిషేధం ఉంది. ఆస్బెస్టాస్ ఉండే అవకాశమున్న పాత బ్రేకు లైనింగులు, గాస్కెట్లు మార్చకుండా కారును ఓడ ఎక్కించడం ప్రమాదకరం. ఇక ఉద్యోగం హైదరాబాద్‌కో విశాఖపట్నానికో మారి, కారును ఇంటికే పట్టుకుపోదామని ఆలోచించేవారు మరింత జాగ్రత్తగా ఉండాలి. భారతదేశంలో మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన రూపాన్ని మార్చడం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే విషయాన్ని స్పష్టం చేసింది. పాతకాలపు వాహనాల నమోదుకు 2021లో వచ్చిన నిబంధనలు యాభై ఏళ్లు దాటిన వాహనాలకు వర్తిస్తాయి గాని, చట్రంలోనూ బాడీలోనూ ఇంజిన్‌లోనూ పెద్ద మార్పులు జరగకుండా అసలు రూపంలో ఉండాలన్నది వాటి షరతు. హాట్ రాడ్ ప్రాణమే ఆ మార్పులు. కాబట్టి అది అమెరికాలోనే ఉండడం దానికీ మనకూ శ్రేయస్కరం.

ఎక్కడ ఆపాలి

పనిని ఆపే చోటును మనమే ఎంచుకోవాలి. విమానం టికెట్టు మీది తేదీ దాన్ని ఎంచుకోకూడదు. నేను పాటించే నియమం ఇది: కారు నాలుగు చక్రాల మీద నిలబడి, స్టీరింగు తిరుగుతూ, ఒక మనిషి తోస్తే కదిలే స్థితికి వచ్చాకే ఆపాలి. షెడ్డు యజమాని స్థలం అమ్ముకోవచ్చు, పైకప్పు కారవచ్చు, బంధువు ఇల్లు మారవచ్చు. అటువంటి రోజున మీరు వేల మైళ్ల దూరంలో ఉంటారు. దొర్లే కారునైతే ఇద్దరు మనుషులు గంటలో ట్రైలర్ ఎక్కించగలరు. స్టాండు మీద చట్రం, గోడకు ఆనించిన బాడీ, పదమూడు పెట్టెల్లో మిగతాది అయితే ఆ పనికి ఎవరూ ముందుకు రారు, వచ్చినా ఏదో ఒకటి పోతుంది.

అందుచేత విడిగా ఉన్న బాడీని తిరిగి చట్రం మీద పెట్టి, కనీసం నాలుగైదు బోల్టులతో బిగించండి. తలుపులు, డిక్కీ మూత, గ్రిల్లు, రేడియేటర్, హెడ్‌లైట్లు, ఏవి వాటి స్థానంలో పెట్టగలిగితే అవన్నీ పెట్టేయండి. మళ్లీ ఊడదీయవలసి వస్తుంది కదా అన్న బాధ వద్దు. విడిభాగాన్ని దాచడానికి అది బిగియవలసిన చోటు కంటే మంచి పెట్టె లేదు: అక్కడ అది పోదు, వంగదు, దేని తర్వాత ఏది వస్తుందో ఎవరికీ చెప్పనక్కరలేదు. బిగించేటప్పుడు ప్రతి బోల్టుకూ కొంచెం గ్రీజు రాస్తే మూడేళ్ల తర్వాత స్పానర్‌కు లొంగుతుంది. మా ఊళ్లో పంట పనులు ముగిశాక నాగలి కర్రుకు నూనె పూసి అటక మీద పెట్టేవారు, బండి ఇరుసుకు ఆముదంతో చేసిన కందెన వేసి మరీ షెడ్డులోకి తోసేవారు. వాడకం ఆగినప్పుడే నూనె ఎక్కువ కావాలన్న సంగతి వారికి ఎవరూ చెప్పనక్కరలేకపోయింది.

బయట ఇచ్చిన పనుల విషయంలో మొహమాటం పనికిరాదు. క్రోమ్ పూతకు ఇచ్చిన బంపర్లు, మెషిన్ షాపులో ఉన్న సిలిండర్ హెడ్లు, సీట్లు కుట్టేవారి దగ్గరున్న సీటు చట్రాలు, పని పూర్తి కాకపోయినా, ఇచ్చిన అడ్వాన్సులో కొంత వదులుకోవలసి వచ్చినా, బయలుదేరే లోపు ఇంటికి చేరాలి. యజమాని దేశంలో లేడని తెలిసిన పని వరసలో చివరికి పోవడం సహజం. మూడేళ్లలో దుకాణాలు చేతులు మారతాయి, మూతపడతాయి. నావి రెండు హెడ్‌లైటు రింగులు ఇలాగే ఒక చోట పోయాయి. వాటికి సరిజోడు ఇప్పటికీ దొరకలేదు.

తొందరపడి కొనవద్దు కూడా. కొత్త ఇంజిన్ కొంటే దాని వారంటీ గడువు గారేజీలోనే కరిగిపోతుంది. టైర్ల పక్క గోడ మీద తయారైన వారం, సంవత్సరం నాలుగు అంకెల్లో ఉంటాయి. మీరు వచ్చేనాటికి అవి పాతవైపోతాయి. రంగుల్లో కలిపే హార్డెనర్ డబ్బా ఒకసారి తెరిచాక గాలిలోని తేమకే గట్టిపడుతుంది, కాబట్టి మిగిలిన రంగులు, హార్డెనర్లు వాడుకునే మిత్రుడికి ఇచ్చేయండి. మళ్లీ దొరకదనుకున్న పాత అసలు భాగం ఎదురైతే మాత్రం కొనవచ్చు.

రేకు పని

నా మొదటి పొరపాటు ఇక్కడే జరిగింది కనుక కొంచెం వివరంగా చెబుతాను. రంగుకు ముందు నునుపు కోసం మందంగా కొట్టే సర్ఫేసర్ ప్రైమర్, చూడడానికి రేకును కప్పినట్టే ఉంటుంది గాని, దాని పొరలో కంటికి కనిపించని రంధ్రాలు ఉంటాయి. లప్పం కూడా అంతే. రెండూ స్పాంజిలా తేమను పీల్చి రేకు దాకా చేరవేస్తాయి, తుప్పు అడుగునుంచి మొదలవుతుంది. పైకి చుక్క కనిపించేనాటికి కింద అంగుళం మేర పాకి ఉంటుంది. ఏళ్ల తరబడి నిలపవలసిన బాడీకి ఎపాక్సీ ప్రైమర్ ఒక్కటే నమ్మదగినది, ఎందుకంటే అది రెండు భాగాలు కలిసి గట్టిపడి తేమను ఆపే పొరగా మారుతుంది. రేకును పూర్తిగా శుభ్రం చేసి, తుప్పు మిగలకుండా చూసి, ఎపాక్సీ రెండు పూతలు కొట్టి ఆపండి. లప్పం పని మధ్యలో ఉంటే ఆ లప్పాన్ని కూడా సానబట్టి దాని మీదా ఎపాక్సీ కొట్టాలి. తిరిగి వచ్చాక ఆ పొరను కొంచెం గరుకుగా రుద్ది, దాని మీదనుంచే పని సాగించవచ్చు.

తుప్పు తీయడానికి ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావణం వాడితే, దాని అవశేషాన్ని తయారీదారు చెప్పిన పద్ధతిలో పూర్తిగా తొలగించాకే ఎపాక్సీ కొట్టాలి. లేకపోతే పొర పట్టు తప్పి పెచ్చులుగా లేస్తుంది. ఎపాక్సీ కొట్టే వ్యవధి లేదనుకుంటే, ఉన్న రేకును అలాగే వదిలి, తుప్పు నివారణకు దీర్ఘకాలం నిలిచే మైనపు పూతో, చిక్కటి నూనెపూతో రాయడం, సర్ఫేసర్ కొట్టి వెళ్లడం కంటే ఎన్నో రెట్లు నయం. డబ్ల్యూడీ-40 తేమను తరిమే పలుచటి ద్రవమే, అది సంవత్సరాల తరబడి కాపలా కాయదు. సిలికాన్ ఉన్న స్ప్రేలను మాత్రం రంగు వేయవలసిన రేకు దగ్గరకు రానివ్వకండి. వాటి జాడ మిగిలితే తర్వాత వేసే రంగు చేపకళ్లలాంటి గుంటలు పడుతుంది, ఎంత కడిగినా ఒక పట్టాన వదలదు.

తలుపుల లోపలి అడుగు అంచులు, చట్రం గొట్టాల లోపలి భాగం, కొత్తగా వెల్డింగ్ చేసిన అడుగు రేకుల అతుకులు, ఈ మూడు చోట్లా తుప్పు మన కంటికి కనిపించకుండా మొదలవుతుంది. సన్నని గొట్టం ఉన్న స్ప్రేతో లోపలికి మైనపు పూత పంపండి, అయితే నీరు పోయే రంధ్రాలు మూసుకుపోకుండా చూడండి. ఇంకా వెల్డింగ్ చేయవలసిన అతుకుల దగ్గర మాత్రం ఆ పూత వేయకూడదు, అది మంటకు అంటుకుంటుంది.

ఇంజిన్

నడిచిన ఇంజిన్ అయితే, వేడి ఎక్కే వరకు నడిపి, పాత ఆయిల్ తీసి కొత్తది పోసి, ఫిల్టర్ మార్చి ఆపాలి. వాడిన ఆయిల్‌లో చేరిన ఆమ్లాలు, తేమ బేరింగులను తినేస్తాయి. తర్వాత స్పార్కు ప్లగ్గులు తీసి, ఒక్కొక్క సిలిండర్‌లో నిల్వ కోసమే అమ్మే ఫాగింగ్ ఆయిల్ కొట్టి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి, ప్లగ్గులు తిరిగి పెట్టేయండి. కార్బురేటర్ పై నోటిని, ఎగ్జాస్ట్ గొట్టాల చివరలను, ఆయిల్ పోసే గొట్టాన్ని మూసేయాలి. ఫ్లాట్‌హెడ్‌లో వాల్వులు బ్లాకులోనే ఉంటాయి, ఏవో కొన్ని ఎప్పుడూ తెరిచే ఉంటాయి. ఎగ్జాస్ట్ మూయకపోతే తేమగాలి నేరుగా సిలిండర్‌లోకి చేరుతుంది.

ఇక బోరింగ్ చేయించి కొత్త రింగులు వేసి, ఇంకా ఒక్కసారి కూడా స్టార్టు చేయని ఇంజిన్ పరిస్థితి వేరు. కొత్తగా సానబట్టిన బోరు మీద తేమ పడితే గంటల్లో తుప్పు పట్టగలదు. కాబట్టి సిలిండర్ల లోపల నూనె పొర పుష్కలంగా ఉండేలా చూసి, అన్ని రంధ్రాలనూ రేకు పలకలతోనో గట్టి టేపుతోనో మూసి, మొత్తం ఇంజిన్‌ను తుప్పు నివారణ ఆవిరినిచ్చే వీసీఐ సంచిలో ఉంచాలి. నెలకోసారి చేత్తో తిప్పమని చాలామంది చెబుతారు. నా అభిప్రాయం వేరు: తిప్పిన ప్రతిసారీ కామ్ (వాల్వులను తెరిచే కడ్డీ) మీద, బేరింగుల్లో, ఇంజిన్ కూర్చేటప్పుడు పూసిన అసెంబ్లీ లూబ్ అనే కందెన కొంత తుడుచుకుపోతుంది, దాన్ని తిరిగి నింపేవారు ఉండరు. బాగా నూనె పట్టించి మూసిన ఇంజిన్‌ను కదపకుండా వదిలేయడమే క్షేమం.

నడిచే ఇంజిన్‌ను మిత్రుడితో నెలకు పది నిమిషాలు స్టార్టు చేయించడం ఇంతకంటే పెద్ద పొరపాటు. పెట్రోలు మండితే నీటి ఆవిరి పుడుతుంది. ఇంజిన్ పూర్తిగా వేడెక్కక ముందే ఆపేస్తే ఆ నీరంతా ఆయిల్‌లోనూ సైలెన్సర్‌లోనూ మిగిలిపోతుంది. ప్రేమతో చేసే ఈ పని ఇంజిన్‌ను లోపలినుంచి పాడు చేస్తుంది.

మిషిగన్ వంటి చోట నీటి సంగతి ప్రాణాంతకం. నీరు గడ్డకడితే సుమారు 9 శాతం ఉబ్బుతుంది, పోత ఇనుము సాగదు, పగులుతుంది. అసలే ఫ్లాట్‌హెడ్ బ్లాకులు పగుళ్లకు పేరుపడ్డవి. సగం నీరు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్‌తో నింపి ఉంచండి, లేదా పూర్తిగా ఖాళీ చేయండి. ఖాళీ చేసేటప్పుడు రేడియేటర్ ఒక్కటే సరిపోదు: ఫ్లాట్‌హెడ్ వి8లో రెండు వరసలకూ వేర్వేరు నీటి పంపులు ఉన్నట్టే, బ్లాకు రెండు వైపులా ఖాళీ చేయాలి. పోత పోసినప్పటి ఇసుక, మట్టి అడుగున పేరుకుని డ్రెయిన్ రంధ్రాన్ని మూసివేస్తుంది కాబట్టి, ఇనుప తీగతో పొడిచి, నీరు నిజంగా ఆగిపోయిందని నిర్ధారించుకోండి. ట్యాంకులో పెట్రోలు మిగలకూడదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు తేమను లాక్కుంటుంది, కార్బురేటర్‌లో జిగురు మిగిలిస్తుంది. బ్రేకులకు ఇంకా ఆయిల్ పోయకపోతే పోయకుండానే ఆపి, గొట్టాల చివరలు మూసేయండి. బ్యాటరీని తీసి ఎవరికైనా ఇచ్చేయండి. కారును గట్టి స్టాండ్ల మీద ఎత్తి, టైర్ల మీద బరువు లేకుండా చేయండి, కాని చక్రాలు ఊడదీయవద్దు. క్లచ్ బిగించి ఉంటే పెడల్‌ను కర్రతో నొక్కి ఉంచడం వల్ల ప్లేటు ఫ్లైవీల్‌కు తుప్పుతో అతుక్కోదు. ట్రాక్టర్ నడిపే రైతులకు ఈ చిట్కా తెలిసే ఉంటుంది.

స్థలం

గాలిలో తేమ 60 శాతం దాటిందంటే ఇనుముకు తుప్పు వేగం పెరుగుతుంది. 50 శాతం లోపు ఉంచగలిగితే మూడేళ్లు ఒక లెక్క కాదు. వేడి ముఖ్యం కాదు, పొడితనం ముఖ్యం. మిషిగన్‌లో చలికాలం కంటే మార్చి, ఏప్రిల్ నెలలే ఎక్కువ నష్టం చేస్తాయి: రాత్రంతా చల్లబడిన ఇనుము మీదికి పగలు వెచ్చని తేమగాలి వచ్చి తగిలితే, చల్లటి గ్లాసుకు చెమట పట్టినట్టు కారు మొత్తానికీ చెమట పడుతుంది. ఆ రోజుల్లో తలుపులు తెరిచి గాలి ఆడనివ్వడం మంచిదనిపిస్తుంది గాని, అదే తేమను లోపలికి పిలుస్తుంది.

స్థలం ఖాయం చేసే ముందు సిమెంటు నేల మీద రెండడుగుల ప్లాస్టిక్ షీటును నాలుగు వైపులా టేపుతో అంటించి, మర్నాడు తీసి చూడండి. అడుగున చెమ్మ కనిపిస్తే నేలనుంచే తేమ వస్తోందని అర్థం. మందపాటి పాలిథీన్ పరిచి దాని మీద కారు పెట్టాలి. కారు మీద మాత్రం ప్లాస్టిక్ కప్పకూడదు, గాలి ఆడే గుడ్డ ముసుగే వేయాలి. విద్యుత్తు ఉన్న చోటైతే గాలిలోని తేమను లాగే డీహ్యూమిడిఫైయర్ పెట్టి, దాని నీటిగొట్టాన్ని నేరుగా డ్రెయిన్‌లోకి వదలండి, తొట్టి నిండితే యంత్రం ఆగిపోతుంది. మామూలు కంప్రెసర్ రకం గడ్డకట్టే చలిలో పనిచేయదు. వేడి లేని షెడ్డుకు, తేమను పీల్చే పదార్థంతో పనిచేసే డెసికెంట్ రకం తీసుకోవాలి.

రైతుల పాత కొట్టాలు చవకగా దొరుకుతాయి. పశువులు ఉన్న కొట్టమైతే వద్దు, పేడనుంచి వచ్చే అమోనియా ఇత్తడిని, రాగిని, క్రోమ్‌ను తినేస్తుంది. అద్దె స్టోరేజీ గదులైతే ఒప్పందం చివరి వరకు చదవండి: అద్దె కొన్ని నెలలు తప్పితే లోపలి సామాను వేలం వేసే హక్కు యజమానికి చట్టం ఇస్తుంది, కార్డు గడువు ముగిసి అద్దె చెల్లింపు ఆగిపోవడం విదేశంలో ఉన్నవారికి తేలిగ్గా జరిగే సంగతి. అందుకే గడువు దూరంగా ఉన్న కార్డు గాని బ్యాంకు ఖాతా గాని ఇచ్చి, స్థానిక మిత్రుడి ఫోన్ నంబరును కూడా నమోదు చేయించండి.

ఎలుకల గురించి ఎంత చెప్పినా తక్కువే. సీట్లు, కార్పెట్లు, వేడి తగలకుండా వేసే మెత్తలు, ఇవన్నీ కారులో ఉంచకుండా ఇంట్లో మూత బిగిసే డబ్బాల్లో పెట్టండి. ఎగ్జాస్ట్ గొట్టాలకు, గాలి రంధ్రాలకు ఇనుప జల్లెడ బిగించండి. విషం పెట్టవద్దు, అది తిన్న ఎలుక మీ చట్రం గొట్టంలోనే చచ్చి అక్కడే కుళ్లుతుంది. బోనులు పెట్టి నెలకోసారి చూసేవారిని ఏర్పాటు చేసుకోవాలి.

కాగితాలు, మనుషులు

టైటిల్ కాగితం (వాహన యాజమాన్య పత్రం) లేని హాట్ రాడ్ ఇనుప ముక్కల కుప్పతో సమానం. మోడల్ ఏ ఫోర్డుల్లో నంబరు ఇంజిన్ మీదా, చట్రానికి ఎడమ వైపు పైభాగంలో బాడీ కిందా ముద్రించి ఉంటుంది. ఇంజిన్ మార్చినవారికి మిగిలేది చట్రం మీది నంబరు ఒక్కటే. అందుచేత బాడీని తిరిగి బిగించక ముందే ఆ నంబరును ఫొటో తీసి, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుని, టైటిల్‌లోని అంకెలతో ఒక్కొక్కటిగా పోల్చి చూడండి. తేడా ఉంటే విదేశం నుంచి సరిచేయించడం దాదాపు అసాధ్యం, కాబట్టి ఉన్నప్పుడే సంబంధిత కార్యాలయంలో తేల్చుకోవాలి. ఇంజిన్, గేర్‌బాక్స్, ఇరుసు కొన్న రసీదులన్నీ స్కాన్ చేసి, అసలు కాపీలను టైటిల్‌తోపాటు బ్యాంకు లాకర్‌లో పెట్టండి.

ఇంటి బీమా సాధారణంగా మోటారు వాహనానికి వర్తించదు. పైగా ఇల్లు నెలల తరబడి ఖాళీగా ఉంటే ఇంటి బీమాలోనే కొన్ని రక్షణలు ఆగిపోయే నిబంధన ఉంటుంది. పాత కార్లకు బీమా ఇచ్చే కంపెనీల్లో కొన్ని, నిర్మాణంలో ఉన్న వాహనానికి కూడా పాలసీ ఇస్తాయి. విలువను ముందే ఇద్దరూ ఒప్పుకుని రాసుకునే రకం పాలసీ తీసుకుని, కారు ఎక్కడ ఉంటుందో, మీరు దేశంలో ఉండరన్న సంగతి, రెండూ రాతపూర్వకంగా వారికి తెలియజేయండి.

కారును చూసుకునే మిత్రుడికి నోటరీ చేయించిన పవర్ ఆఫ్ అటార్నీ ఇవ్వాలి, అందులో కారును తరలించే అధికారం, బీమా కంపెనీతో మాట్లాడే అధికారం స్పష్టంగా ఉండాలి. అమ్మే అధికారం ఇవ్వాలా వద్దా అన్నది మీ ఇష్టం, నేను ఇవ్వలేదు. నెలకోసారి వచ్చి తేమ మీటరు చూడడం, బోనులు చూడడం, పైకప్పు వైపు ఒకసారి తలెత్తి చూడడం, నాలుగు ఫొటోలు పంపడం, అతను చేయవలసింది ఇంతే. ఏం చేయకూడదో కూడా చెప్పాలి: స్టార్టు చేయకూడదు, కడగకూడదు, ముసుగు మార్చకూడదు, ఏ భాగాన్నీ అరువివ్వకూడదు. ఎంత దగ్గర మిత్రుడైనా ఈ శ్రమకు కొంత డబ్బు ముట్టజెప్పడం మర్యాద. ఊరికే చేయించుకున్న పని ఆరు నెలల తర్వాత సన్నగిల్లుతుంది, అడగడానికి మనకూ నోరు రాదు. ఇంట్లోవారికి మరో ఉత్తరం రాసి పెట్టండి: మనకేమైనా జరిగితే ఈ కారు విలువ సుమారు ఎంత, ఏయే భాగాలు అరుదైనవి, నిజాయితీగా అమ్మిపెట్టగలవారు ఎవరు. ఇది రాయడం మనసుకు కష్టమే. రాయకపోతే మాత్రం మీ ఏళ్ల శ్రమ తూకానికి పోతుంది.

నోటుపుస్తకం

చివరి వారాన్ని పూర్తిగా దీనికి ఇవ్వండి. గట్టి అట్ట ఉన్న పుస్తకం ఒకటి తీసుకుని, కారు ముందునుంచి వెనక్కి నడుస్తూ, ప్రతి చోటా మూడు సంగతులు రాయాలి: ఇక్కడ ఏం పూర్తయింది, ఏం తాత్కాలికంగా తగిలించి ఉంది, తర్వాత ఏం చేయాలి. తాత్కాలికంగా పెట్టిన ప్రతి బోల్టుకూ ఎర్ర రిబ్బను కట్టండి. పూర్తిగా వెల్డింగ్ కాకుండా చుక్కలు పెట్టి వదిలిన బ్రాకెట్ల చుట్టూ రంగు పెన్నుతో గీత గీయండి, ఎందుకంటే అవి మూడేళ్ల తర్వాత చూస్తే పూర్తయినట్టే కనిపిస్తాయి, ఆ నమ్మకంతో రోడ్డెక్కితే ప్రాణాపాయం. కొలతలు రాసేటప్పుడు వాటి కారణం కూడా రాయండి. స్టీరింగు కడ్డీని ముప్పావు అంగుళం పక్కకు ఎందుకు జరిపారో ఇవాళ మీకు స్పష్టంగా తెలుసు. అప్పటికి మీరు దాన్ని పొరపాటనుకుని సరిచేయబోయి, ఎగ్జాస్ట్‌కు తగిలాక గాని గుర్తు తెచ్చుకోరు.

వైరింగు బొమ్మ చేత్తోనే గీయండి, రంగులతో సహా. చిన్న భాగాలను సంచుల్లో వేస్తే, పైన రాసిన సిరా చెరిగిపోతుంది కనుక, పేరు రాసిన అట్టముక్కను సంచి లోపల కూడా వేయాలి. తేమ చిక్కుకోకుండా వీసీఐ కాగితం చుట్టాలి. పెట్టెలకు అంకెలు వేసి, ఏ అంకెలో ఏముందో పుస్తకంలో రాయాలి. చివరికి పుస్తకంలోని ప్రతి పేజీని ఫోనులో ఫొటో తీసి వెంట తీసుకువెళ్లి, అసలు పుస్తకాన్ని కారు దగ్గర కాకుండా ఇంట్లోని భద్రమైన చోట పెట్టాలి.

తిరిగి వచ్చిన తర్వాత

ఎంత ఆత్రంగా ఉన్నా మొదటి నెల ఒక్క కొత్త భాగం కూడా బిగించవద్దు. ముసుగు తీసి, పగటి వెలుతురులో, పుస్తకం చేత పట్టుకుని, ముందునుంచి వెనక్కి అదే వరసలో నడవండి. ఎపాక్సీ పొర మీద ఎక్కడైనా పొక్కు కనిపిస్తే అక్కడ మాత్రమే రేకు దాకా గీకి చూడండి. బ్రేకు రబ్బర్లు, పెట్రోలు గొట్టాలు బాగున్నట్టే కనిపించినా మార్చేయండి. ఇంజిన్ స్టార్టు చేసే ముందు ప్లగ్గులు తీసి, సిలిండర్లలో నూనె పోసి, చేత్తో తిప్పి, బయటి ప్రెషర్ ట్యాంకుతో ఆయిల్ గొట్టాల్లోకి ఆయిల్ ఎక్కించి, మీటరు ముల్లు లేచాకే తాళం తిప్పాలి. ఎర్ర రిబ్బన్లన్నీ లెక్కపెట్టి, పుస్తకంలోని సంఖ్యతో సరిచూసుకోండి. నేను రెండోసారి తిరిగి వచ్చినప్పుడు అవి 31 ఉన్నాయి, 31 దొరికాయి. మర్నాటి ఉదయం పన్నెండో పేజీలో 'తర్వాతి పని: ఎడమ వైపు తలుపు కీలు' అని నేనే రాసుకున్న చోటునుంచి పని మొదలుపెట్టాను.